‘తిన్నావా?’ అన్న ప్రశ్నలోనే ప్రజెంట్ పర్‌ఫెక్ట్ ఉంది

ఈ వారం ఉత్తరం పల్నాడు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పే టీచర్ రాసింది. ఆరు పేజీలు రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివారు. బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, కష్టపడి ఉద్యోగం తెచ్చుకున్నారు. నిరుడు బదిలీ మీద ఈ స్కూలుకు వచ్చారు. తొమ్మిదో తరగతిలో యాభై ఎనిమిది మంది పిల్లలు. మూడు వారాలుగా వాళ్ళకు ప్రజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్, అంటే ‘ఐ హ్యావ్ ఈటెన్’ లాంటి వాక్యాలు, చెబుతున్నారు. బోర్డు మీద సూత్రం రాశారు, క్రియల పట్టిక కంఠస్థం చేయించారు, తెలుగు వాక్యాలు ఇచ్చి ఇంగ్లీషులోకి మార్పించారు. పిల్లలు ‘గో, వెంట్, గాన్’ అని పట్టికంతా పద్యంలా అప్పజెబుతున్నారు. సొంతంగా రాయమంటే మాత్రం ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’, ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనే రాస్తున్నారు.

పాఠం వరకే అయితే నాకు రాసేదాన్ని కాదన్నారు. రెండు వారాల క్రితం హాజరు వేస్తుంటే ఒక అబ్బాయి లేడు. బోరింగు దగ్గర నీళ్ళు తాగుతున్నాడని పిల్లలు చెప్పారు. అంతలో వాడు పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, ‘మేడమ్, ఐ హ్యావ్ కేమ్’ అన్నాడు. ఆమెకు అప్పటికే చిరాకుగా ఉంది. ‘కేమ్ కాదు, కమ్! ఎన్నిసార్లు చెప్పాలిరా?’ అని గట్టిగా అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు వాడిని ‘హ్యావ్ కేమ్’ అనే పిలుస్తున్నారట. ఆ రోజు నుంచి వాడు ఆఖరి బెంచీలో కూర్చుంటున్నాడు, ఇంగ్లీష్ పీరియడ్‌లో నోరు విప్పడం లేదు, వారంలో రెండు రోజులు ఆ పీరియడ్‌కు ముందే మాయమవుతున్నాడు.

అదే వారంలో ఇంకొకటి. ఒక అమ్మాయి, వాళ్ళ బాబాయి డాలస్‌లో ఉంటారట, ఫోన్లో అక్కడి పిల్లలు ‘డిడ్ యు ఈట్ యెట్?’ అని అడుగుతుంటే విన్నానని, ‘యెట్ ఉంటే హ్యావ్ రావాలి కదా మేడమ్?’ అని అడిగింది. ఈమె ‘అది తప్పు’ అని చెప్పి దాటేశారు. ఆ రాత్రి వెతికి చూస్తే తప్పు కాదని తెలిసింది. ఇప్పటిదాకా ఆ మాట పిల్లలకు చెప్పలేదు.

హెచ్చెమ్ గారేమో ‘థియరీలు వద్దమ్మా, సూత్రం బట్టీ పట్టించండి, బిట్లు కరెక్టుగా పెడితే చాలు’ అంటున్నారు. చివరి పేజీలో రాసిన మాటలివి: ‘నాలుగో పీరియడ్ బెల్ మోగుతుంటే కడుపులో తిప్పుతోంది మాస్టారూ. అసలు నాకే ఈ టెన్స్ సరిగా రాదేమో. రానిదాన్ని పిల్లలకు ఎలా చెప్పను? ఆ అబ్బాయి మొహం చూడలేకపోతున్నాను.’

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఆ అబ్బాయి అన్న మాట దగ్గరికే వస్తాను. మీరు పంపిన ఆరు పేజీల్లోనూ నన్ను ఆపేసింది ఆ ఒక్క వాక్యమే.

వాడు ఎక్కడున్నాడు? గుమ్మంలో. మీరు ఏం చేస్తున్నారు? హాజరు వేస్తున్నారు. వాడు మీకు చెప్పదలుచుకున్నది ఏమిటి? ‘వచ్చేశాను మేడమ్, ఇక్కడే ఉన్నాను, ఆబ్సెంట్ వేయకండి’ అని. ఇప్పుడు ఉన్నాను అనే విషయాన్ని, ఇంతకుముందు చేసిన పనితో ముడిపెట్టి చెప్పాలి. ఇంగ్లీషులో సరిగ్గా దాని కోసమే ప్రజెంట్ పర్‌ఫెక్ట్ ఉంది. యాభై ఎనిమిది మందిలో ఎవరూ పరీక్ష పెట్టకుండా, బోర్డు చూడకుండా, అవసరం పడినప్పుడు ఆ టెన్స్‌ను ఎంచుకుని వాడినవాడు వాడొక్కడే. టెన్స్ సరైనది, సందర్భం సరైనది, ఒక్క అక్షరం తప్పింది. కమ్ బదులు కేమ్ అన్నాడు. మూడు వారాల మీ శ్రమకు మొదటి కాపు వాడి నోట్లో కాసింది.

మిమ్మల్ని బాధపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీకు పాఠం చెప్పడం రాదన్న అనుమానం ఉంది కదా, ఆ అనుమానానికి జవాబు అక్కడే ఉంది.

మీరు ఒకే ముడి అనుకుంటున్నది నిజానికి నాలుగు. ఈ టెన్స్ తెలుగు పిల్లలకు ఎందుకు పట్టుబడదు అన్నది ఒకటి. ఆ అబ్బాయి మౌనం ఒకటి. మీరు చెప్పిన తప్పు జవాబు ఒకటి. హెచ్చెమ్ గారి మార్కులు ఒకటి. నాలుగింటినీ కలిపి ఒకే పీరియడ్‌లో మోస్తున్నారు, అందుకే ఆ బెల్ అంత బరువుగా ఉంది.

మొదటిదే పెద్దది. దాని మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

‘నేను అన్నం తిన్నాను’ అని బోర్డు మీద రాసి ఇంగ్లీషులోకి మార్చమంటే సరైన జవాబు ఏది? ‘ఐ ఏట్’ కావచ్చు, ‘ఐ హ్యావ్ ఈటెన్’ కావచ్చు. రెండూ సరైనవే. మరి పిల్లవాడు దేన్ని బట్టి తేల్చుకోవాలి? ఆ తెలుగు వాక్యంలో ఆ సమాచారమే లేదు. మన భాషలో ఆ తేడా క్రియ మోయదు, సందర్భం మోస్తుంది. అందుకే ఒంటరి వాక్యాలిచ్చి అనువాదం చేయించినంత కాలం ఈ టెన్స్ రాదు. వంద వాక్యాలు చేయించినా పిల్లలు బొమ్మా బొరుసూ వేసినట్టు ఊహించి రాస్తారు.

కొన్ని గైడ్లు ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి ‘నేను తినియున్నాను’ అని రాస్తాయి. ఏ ఇంట్లో అంటారమ్మా అలా? పిల్లవాడికి ఇంగ్లీష్ వాక్యం ఎంత పరాయిదో ఈ తెలుగు వాక్యమూ అంతే పరాయిది.

పిల్లలకు ఆ తేడా తెలియదని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నం ఎవరింటికైనా వెళ్ళగానే ‘తిన్నావా?’ అని అడుగుతారు. దానికి ‘ఆ, మొన్న పెళ్ళిలో తిన్నాను’ అని ఎవరైనా జవాబిస్తారా? ఆ ప్రశ్న తినడం గురించి కాదు, ఇప్పుడు ఆకలిగా ఉందా, కంచం పెట్టాలా అని. అదే ‘మొన్న పెళ్ళిలో ఏం తిన్నావు?’ అంటే అప్పటి సంగతి. పప్పు, పులిహోర, గారెలు అని చెబుతాం, ఇప్పటి ఆకలితో దానికి పని లేదు. రెండు చోట్లా తెలుగులో ‘తిన్నావు’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది ‘హ్యావ్ యు ఈటెన్?’, రెండోది ‘వాట్ డిడ్ యు ఈట్?’. తేడా పిల్లల బుర్రలో ఎప్పటి నుంచో ఉంది. ఇంగ్లీషు దానికి రెండు వేర్వేరు గిన్నెలు పెట్టింది, మనం ఒకే గిన్నెలో వండుకుంటున్నాం. అంతవరకు చెబితే చాలు.

బస్టాండులోనూ ఇదే. పరుగెత్తుకుంటూ వచ్చి ‘బస్సు వెళ్ళిపోయిందా?’ అని అడిగేవాడికి బస్సు చరిత్ర అక్కర్లేదు, తను ఇప్పుడు ఇరుక్కుపోయాడా లేదా అన్నదే కావాలి. ‘హ్యాజ్ ద బస్ గాన్?’ తర్వాత ‘ఎన్నింటికి వెళ్ళింది?’ అంటే సంగతి అప్పటికి జరిగింది, ‘వెన్ డిడ్ ఇట్ గో?’ అయింది.

1947లో హాన్స్ రైకెన్‌బాక్ అనే జర్మన్ తత్వవేత్త ఈ తేడాను మూడు చుక్కలతో చూపించాడు. పని జరిగిన క్షణం ఒకటి, మాట్లాడుతున్న క్షణం ఒకటి, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది మూడోది. సింపుల్ పాస్ట్‌లో, అంటే ‘ఐ ఏట్’ లాంటి వాక్యంలో, మనసు వెనక్కి వెళ్ళి జరిగిన చోటే నిలబడుతుంది. ప్రజెంట్ పర్‌ఫెక్ట్‌లో పని వెనకే జరిగినా మనసు ఇప్పటి క్షణంలోనే నిలబడి చూస్తుంది. ఇది పిల్లలకు చెప్పనక్కర్లేదు, మీకోసం చెబుతున్నాను. ఏ వాక్యం దగ్గరైనా తడబడినప్పుడు ‘ఈ మాట అనేవాడి మనసు ఎక్కడుంది, అప్పటిలోనా ఇప్పటిలోనా?’ అని అడిగి చూసుకోండి. చాలాసార్లు తేలిపోతుంది.

మన భాషలోనే పిల్లలకు పనికొచ్చే పట్టుకొమ్మలు ఉన్నాయి. నేను చాలా ఏళ్ళు వీటిని గమనించకుండానే పాఠం చెప్పాను. ‘ఎప్పుడు’ అని అడిగితే డిడ్. ‘ఎప్పుడైనా’ అని అడిగితే హ్యావ్. ‘సముద్రం ఎప్పుడైనా చూశావా?’ అంటే ‘హ్యావ్ యు ఎవర్ సీన్ ద సీ?’. ‘ఎప్పుడు చూశావు?’ అంటే ‘వెన్ డిడ్ యు సీ ఇట్?’. ‘ఐనా’ అనే చిన్న ముక్క టెన్స్‌నే మార్చేస్తోందని చూపిస్తే పిల్లల కళ్ళు వెలుగుతాయి, చూడండి. అలాగే ‘నిన్న రాలేదు’ అంటే డిడ్ నాట్, ‘ఇంకా రాలేదు’ అంటే హ్యాజ్ నాట్. ఆ ‘ఇంకా’లో ఎదురుచూపు ఉంది, ఇప్పటి తలుపు వైపు చూపు ఉంది.

‘సిన్స్ టెన్ ఇయర్స్’ సంగతి కూడా ఇక్కడే తీరుతుంది. మనం ‘సోమవారం నుంచి’ అంటాం, ‘పదేళ్ళ నుంచి’ అనీ అంటాం. రెండింటికీ ఒకే ‘నుంచి’ కాబట్టి పిల్లలు రెండింటికీ సిన్స్ పెడుతున్నారు. వాళ్ళ తర్కంలో తప్పు లేదు. ఒక చిన్న పరీక్ష నేర్పండి. ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడమనండి. ‘పదేళ్ళుగా’ కుదిరింది, అయితే ఫర్. ‘సోమవారంగా’ కుదరలేదు, అయితే సిన్స్. ‘రెండు గంటల నుంచి’ దగ్గర మాత్రం ఆగండి. గడియారంలో రెండయినప్పటి నుంచా, రెండు గంటలసేపటి నుంచా అన్నది తెలుగులో తేలదు. పిల్లల్నే వాదించుకోనివ్వండి. ఆ వాదన నడిచిన రోజు మీరు బోర్డు మీద రాయాల్సింది పెద్దగా ఉండదు.

‘ఐ యామ్ లివింగ్ హియర్’ కూడా అనువాదమే. ‘పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం’ అనే మన వాక్యం నడుస్తున్న పనిలా ఉంటుంది కాబట్టి ‘యామ్ లివింగ్’ వచ్చేస్తోంది. ఇంగ్లీషులో అక్కడ ‘వి హ్యావ్ లివ్డ్’ కానీ ‘వి హ్యావ్ బీన్ లివింగ్’ కానీ రావాలి. ఇది తొమ్మిదో తరగతిలో పూర్తిగా కుదురుకోకపోయినా కంగారు పడకండి. మన దేశంలో పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉన్నవాళ్ళూ ఇలా అంటూనే ఉంటారు.

ఒక జాగ్రత్త. ‘తినేశాను’, ‘వెళ్ళిపోయాడు’, ‘వచ్చేశాడు’ అంటే ప్రజెంట్ పర్‌ఫెక్ట్ అని సూత్రం చేయకండి. చాలాసార్లు కుదురుతుంది, కానీ ‘నిన్ననే వెళ్ళిపోయాడు’ అనీ అంటాం, అక్కడ హ్యాజ్ రాదు. ఆల్రెడీ, యెట్, జస్ట్, ఫర్ లాంటి మాటల్ని స్విచ్చుల్లా నేర్పడం కూడా ఇలాంటిదే. ‘ఫర్’ కనిపిస్తే హ్యావ్ అని నేర్పితే, ‘మా తాత నలభై ఏళ్ళు సేద్యం చేసి చనిపోయాడు’ అని రాయాల్సిన పిల్లవాడు అక్కడా హ్యాజ్ పెడతాడు. తాత లేడు కదా, ఆ నలభై ఏళ్ళు ఇప్పటిదాకా రావడం లేదు.

దీన్ని పిల్లలకు తెలిసిన మనుషులతో చూపించండి. పి.వి. సింధు రియోలో రజతం గెలిచింది, తర్వాత టోక్యోలో కాంస్యం గెలిచింది. ‘సింధు హ్యాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్’ అంటే ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నవి లెక్కపెడుతున్నాం. ‘సింధు వన్ ఎ సిల్వర్ ఇన్ 2016’ అంటే ఆ ఏడాదికి వెళ్ళి ఆ రోజు మ్యాచ్ చూస్తున్నాం. మనిషి అదే, పతకం అదే, చూసే చోటు వేరు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పాటల గురించి రాసేటప్పుడు ‘హి స్యాంగ్’ అనే అంటాం, ‘హి హ్యాజ్ సంగ్’ అనం. ఆయన కన్నుమూసిన 2020 సెప్టెంబరు 25 తర్వాత ఆ లెక్కకు ఇంకో పాట చేరదు. నేను ఈ ఉదాహరణ క్లాసులో చెప్పిన రోజు పిల్లలు కాసేపు మాట్లాడలేదు. వ్యాకరణంలో ఇంత ఉందని వాళ్ళకూ అనిపించింది, నాకూ అనిపించింది.

ఏ పిల్లవాడైనా ‘హ్యావ్ అంటే కలిగి ఉండడం కదా, తినడానికీ కలిగి ఉండడానికీ సంబంధమేంటి?’ అని అడిగితే మందలించకండి. మంచి ప్రశ్న అది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో అది నిజంగా కలిగి ఉండడమే. ‘నా దగ్గర ఉత్తరం రాసి ఉంది’ అన్నట్టు మొదలై, మెల్లగా ‘ఉత్తరం రాశాను’ దాకా వచ్చింది. మనం ‘రాసి ఉంచాను’, ‘రాసి పెట్టుకున్నాను’ అంటాం చూడండి, దానికి దగ్గర.

ఇక క్లాసులో ఏం చేయాలన్నది. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

హెచ్చెమ్ గారు చెప్పినట్టు సూత్రం, పట్టిక, బిట్లు ఒక దారి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో మార్కులు వస్తాయి, అది అబద్ధం కాదు. స్కూల్లో మీ మీద ఒత్తిడి తగ్గుతుంది. పిల్లలు సొంతంగా రాయాల్సిన ఉత్తరంలో, డైరీలో మాత్రం ఇప్పుడు చూస్తున్న తప్పులే చూస్తారు, పదో తరగతిలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. పట్టికను మాత్రం చిన్నచూపు చూడకండి. కమ్, కేమ్, కమ్ నోటికి రాకపోతే ఎంత అర్థమైనా వాక్యం పూర్తి కాదు, మీ అబ్బాయి విషయంలో జరిగింది అదే.

సూత్రాలు పూర్తిగా పక్కన పెట్టి పనుల ద్వారా నేర్పడం రెండో దారి. 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీష్ బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారతంలోని మామూలు స్కూళ్ళలో ఇలాంటి ప్రయోగమే చేశారు. రైల్వే టైంటేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి పిల్లల మనసును అర్థం మీద పెట్టిస్తే, వ్యాకరణం ఆ వెంట వస్తుందన్నది ఆయన నమ్మకం. ఆ పని ప్రపంచంలో ఎందరో చదివారు. నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ దానికి వ్యవధి కావాలి, పక్కన నిలబడే తోటి టీచర్లు కావాలి. మీరు ఒక్కరే, యాభై ఎనిమిది మందితో, సమ్మేటివ్ పరీక్షల మధ్య దాన్ని మొదలుపెడితే, ఫలితం కనిపించకముందే ‘మేడమ్ గ్రామర్ చెప్పడం లేదు’ అన్న మాట తల్లిదండ్రుల దాకా వెళ్ళవచ్చు. ఆ మాట తట్టుకోగలరా లేదా అన్నది మీకే తెలుస్తుంది.

రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు సందర్భంతో, మిగతా సమయం మామూలు పాఠం, అలా నెల రోజులు, ఇది మూడోది. నేను చివరి ఏళ్ళలో ఇలాగే చేశాను. దీని నష్టం ఏమిటంటే మీరు ‘టెన్స్ అయిపోయింది’ అని సిలబస్ పుస్తకంలో టిక్కు పెట్టలేరు. సాగుతూనే ఉంటుంది. ఆ అసంతృప్తిని భరించాలి.

ఆ పది నిమిషాల్లో ఏం చేయొచ్చో రెండు చెబుతాను. ఒక విద్యార్థిని బయటికి పంపండి. లోపలున్నవాళ్ళు ఐదు మార్పులు చేయాలి. కిటికీ తెరుస్తారు, డస్టర్ దాస్తారు, బోర్డు తుడుస్తారు, ఇద్దరు సీట్లు మార్చుకుంటారు, ఫ్యాను ఆపుతారు. వాడు లోపలికి వచ్చి చూసి చెప్పాలి, ‘సమ్‌వన్ హ్యాజ్ ఓపెన్డ్ ద విండో’. తెరవడం వాడు చూడలేదు, ఎప్పుడు తెరిచారో తెలియదు, తెరిచి ఉన్న కిటికీ మాత్రం కళ్ళెదుట ఉంది. ‘తెరిచి ఉంది’ అనే మన మాటకు, ‘హ్యాజ్ ఓపెన్డ్’కు ఉన్న చుట్టరికం వాళ్ళకే కనిపిస్తుంది. యాభై ఎనిమిది మందితో గోలవుతుంది, పక్క క్లాసు టీచర్‌కు ముందే చెప్పి పెట్టండి.

రెండోది కోటప్పకొండ. మీ పిల్లల్లో చాలామంది శివరాత్రి తిరునాళ్ళకు వెళ్ళే ఉంటారు. ‘హ్యావ్ యు ఎవర్ బీన్ టు కోటప్పకొండ?’ అని పక్కవాణ్ణి అడగాలి. ఎస్ అంటే వెంటనే ‘వెన్ డిడ్ యు గో? హూ డిడ్ యు గో విత్?’ అని అడగాలి. నిరుడు ప్రభతో వెళ్ళాను, మా మేనమామ ట్రాక్టరు మీద వెళ్ళాను అని కథలు వస్తాయి. తలుపు హ్యావ్‌తో తీసి, లోపలికి డిడ్‌తో వెళ్ళడం. ఈ జత నోటికి అలవాటైతే ‘హ్యావ్ సీన్ ఎస్టర్‌డే’ దానంతటదే తగ్గుతుంది. నిన్న, నిరుడు, 2016 అని వేలు పెట్టి చూపించే సమయం వచ్చిందంటే హ్యావ్ తప్పుకుంటుంది. తొమ్మిదో తరగతికి ఒక్కటే విషయం గట్టిగా రావాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

హెచ్చెమ్ గారితో పోట్లాట పెట్టుకోవాల్సిన పని లేదు. ఆయనకు బిట్లు కావాలి, వారానికి ఒకసారి పది బిట్లు పెట్టి మార్కులు చూపించండి. మిగతా రోజుల్లో మీరు చేసేదాన్ని ఆయన అడ్డుకోరనే నా అనుభవం. ఒకవేళ అడ్డుకుంటే మళ్ళీ రాయండి.

డాలస్ బాబాయి గారి అమ్మాయి విషయం. అమెరికాలో ‘డిడ్ యు ఈట్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ ఏట్’ అనడం మామూలే. బ్రిటన్‌లో, మన పాఠ్యపుస్తకాల్లో ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ అంటారు. రెండూ ఇంగ్లీషే. మీరు వదిలేస్తే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు, ఆ అమ్మాయి మర్చిపోతుంది. కానీ తను చెవులారా విన్నది తప్పని టీచర్ అంటే, ఇకముందు తను విన్నవి క్లాసుకు తేవడం మానేయవచ్చు. చెబితే ఏమవుతుంది? ఒకటి రెండు రోజులు ‘మేడమ్‌కే తెలియదట’ అనవచ్చు. అది బాధగానే ఉంటుంది.

నేను కొన్నేళ్ళపాటు ‘జస్ట్ నౌ’ వస్తే తప్పకుండా హ్యావ్ పెట్టాలని నేర్పాను. జస్ట్ ఒక్కటే ఉంటే హ్యావ్ సరే. ‘జస్ట్ నౌ’ అంటే కాసేపటి క్రితం అనే అర్థంలో ‘ఐ సా హిమ్ జస్ట్ నౌ’ అనే ఎక్కువగా అంటారు. మనకు రెండూ ‘ఇప్పుడే’ కావడంతో నేను కలిపేశాను. ఒక విద్యార్థి ఇంగ్లీష్ పేపరు కత్తిరించి తెచ్చి చూపించాడు. మర్నాడు క్లాసులో, ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని చెప్పి, వాడి చేతే బోర్డు మీద రాయించాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. కానీ ఆ ఏడాది ఆ క్లాసు అడిగినన్ని ప్రశ్నలు నన్ను ఇంకే క్లాసూ అడగలేదు.

మీకు రాదేమో అని భయపడ్డారు. మీ ఉత్తరం తెలుగులో ఉంది, మధ్యలో పిల్లల తప్పులు ఇంగ్లీషులో ఎత్తి రాసి, పక్కన సరైనవి రాశారు. పదకొండు వాక్యాలు. పదకొండూ సరిగ్గా ఉన్నాయి. తెలుగు మీడియంలో చదవడం వల్ల మీకు ఇంకొకటి కూడా ఉంది. పిల్లవాడు ఎక్కడ జారుతున్నాడో ఆ మెట్టు మీకు కాలికి తెలుసు.

ఇక ఆ అబ్బాయి. దీనికి కూడా ఒకే దారి లేదు. ఏమీ అనకుండా మామూలుగా ఉండి, కాలానికి వదిలేయవచ్చు. కొందరు పిల్లలు నెలలో తేరుకుంటారు. కానీ పీరియడ్ ఎగ్గొట్టడం మొదలైంది కాబట్టి వదిలేస్తే అది అలవాటయ్యే ప్రమాదం ఉందని నాకు అనిపిస్తోంది. క్లాసందరి ముందు సారీ చెప్పవచ్చు. మీ మనసు తేలికపడుతుంది. వాడి మనసు తేలికపడుతుందో లేదో అనుమానమే, పదిహేనేళ్ళ వాడికి అందరూ మళ్ళీ తనవైపు తిరిగి చూడడమే శిక్ష. విడిగా మాట్లాడవచ్చు, స్టాఫ్ రూముకు పిలవకుండా, దారిలో ఎక్కడో, నిలబడి రెండే నిమిషాలు. ‘ఆ రోజు నువ్వు సరైన టెన్స్ వాడావురా. క్లాసులో ఎవరూ వాడలేదు. నేనే వినిపించుకోలేదు, ఒక్క అక్షరం పట్టుకుని అరిచాను, నాది తప్పు’ అని. పొగడ్తగా కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పండి. వాడు తల వంచుకుని ‘సరే మేడమ్’ అని వెళ్ళిపోతే చిన్నబుచ్చుకోకండి. ఆ వయసులో విన్నామని చెప్పే పద్ధతి అదే. వెంటనే ముందు బెంచీకి రమ్మని మాత్రం అనకండి.

ఆ పేరు పెట్టి పిలవడం ఆపించాలి. తిడితే మీ వెనక పిలుస్తారు. ఒకరోజు బోర్డు మీద పేర్లు లేకుండా క్లాసు మొత్తం తప్పుల్లోంచి ఆరేడు రాసి, అందులో ‘హ్యావ్ వెంట్’, ‘హ్యావ్ ఏట్’, ‘హ్యావ్ డ్రాంక్’ ఉండేట్టు చూసి, ‘వీటిలో టెన్స్ సరిగ్గా ఎంచుకున్నవి ఏవి, రూపం మాత్రమే తప్పినవి ఏవి?’ అని విడదీయించండి. వాడి వాక్యం అందులో పెట్టకండి. పిల్లలకు వాళ్ళంతట వాళ్ళకే అర్థమవుతుంది, నవ్వినవాళ్ళ నోటుబుక్కుల్లోనూ అవే ఉన్నాయని.

మాట్లాడుతున్నప్పుడు దిద్దడం గురించి కూడా అడిగారు. ఎవరైనా ‘ఐ హ్యావ్ కేమ్’ అంటే ‘ఓ, యు హ్యావ్ కమ్! సిట్ డౌన్’ అని జవాబులోనే సరైన మాట వినిపించి ముందుకు వెళ్ళిపోవచ్చు. కొందరు పిల్లలు పట్టుకుంటారు, కొందరు దిద్దారనే గమనించరు. గమనించని వాళ్ళ కోసం రాతపని ఉంది, అక్కడ ఎర్ర సిరా వాడండి, ఎవరూ నవ్వరు.

చివర్లో హ్యాజ్ గాన్, హ్యాజ్ బీన్ తేడా ఎలా చెప్పాలని అడిగారు. ఇది మాత్రం మన పిల్లలకు చాలా తేలిక. ‘నాన్న గుంటూరు వెళ్ళాడు’ అంటే ఇంట్లో లేడు, హ్యాజ్ గాన్. ‘నాన్న గుంటూరు వెళ్ళొచ్చాడు’ అంటే పని చూసుకుని ఇంటికి చేరాడు, హ్యాజ్ బీన్. ‘మీ నాన్న ఉన్నాడా?’ అని గుమ్మంలో ఎవరో అడిగినట్టు ఇద్దరు పిల్లల చేత ఆడించండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.